తీరప్రాంత ఉష్ణోగ్రతలో నలుపు-తెలుపు ఫిల్ముకు డెవలపర్ ఎంపిక: ఓడలరేవు నేపథ్యం

1. ఉపోద్ఘాతం:

కోనసీమలోని అల్లవరం మండలం ఓడలరేవు వద్ద వైనతేయ గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఇటువంటి తీరగ్రామంలో వేసవి నాటి కుళాయి నీరు 28 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గడం అరుదు. నలుపు-తెలుపు ఫిల్మును డెవలప్ చేయడానికి తయారీదారులు ఇచ్చే కాలపట్టికలు ప్రధానంగా 20 డిగ్రీలకు చెందినవి. డెవలపర్ ఎంపికలో సూక్ష్మరేణువులు, స్పష్టత గురించే ఎక్కువగా చర్చిస్తారు. వేడి ప్రాంతంలో వాటికంటే ముందు పరిశీలించవలసింది ఉష్ణోగ్రత. డెవలపింగులో చెడిన నెగెటివ్‌ను తిరిగి మొదటి స్థితికి తేవడం అసాధ్యం.

2. డెవలపర్ నిర్మాణం:

వెలుగు సోకిన వెండి లవణాల స్ఫటికాలను డెవలపర్ లోహపు వెండిగా మారుస్తుంది. కోడాక్ సంస్థ 1927లో వెలువరించిన డి-76లో లీటరుకు మెటాల్ 2 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు ఉంటాయి. మొదటి రెండూ వెండిని వెలికితీస్తాయి. సల్ఫైట్ ద్రావణాన్ని ఆక్సీకరణం నుండి కాపాడుతుంది. బోరాక్స్ క్షారగుణాన్నిస్తుంది. ఇల్‌ఫర్డ్ వారి ఐడి-11 దీనికి దాదాపు సమానం.

3. ఉష్ణోగ్రత, కాలం:

ఉష్ణోగ్రత 4 డిగ్రీలు పెరిగితే డెవలపింగు కాలం సుమారు 30 శాతం తగ్గుతుంది. హెచ్‌పి5 ప్లస్ ఫిల్ముకు నీరు కలపని ఐడి-11లో 20 డిగ్రీల వద్ద ఏడున్నర నిమిషాలు పడుతుంది. 28 డిగ్రీల వద్ద అది నాలుగు నిమిషాల లోపునకు పడిపోతుంది. అయిదు నిమిషాలకంటే తక్కువ కాలంలో ద్రావణం ఫిల్మంతటా సమంగా పనిచేయక, ఆకాశం వంటి చదునైన భాగాల్లో చారలు ఏర్పడవచ్చు. అదే ద్రావణానికి సమానంగా నీరు కలిపితే 20 డిగ్రీల వద్ద 13 నిమిషాలు, 28 డిగ్రీల వద్ద సుమారు ఆరున్నర నిమిషాలు పడుతుంది. ఈ వ్యవధి సురక్షితం. రేణువు కొంత ప్రస్ఫుటమవుతుంది. పలుచన ద్రావణాన్ని ఒకసారి వాడి పారబోయాలి.

1891 నాటి రోడినాల్ మరొక మార్గం. దాని గాఢద్రావణం చిరకాలం నిల్వ ఉంటుంది కనుక అరుదుగా ఫిల్ము కడిగేవారికి అనుకూలం. అయితే వేగవంతమైన ఫిల్ముల్లో రేణువు స్పష్టంగా కనిపిస్తుంది.

4. నీటి విషయం:

ఉప్పు కలిసిన బావినీటితో కాక స్వేదనజలంతో డెవలపర్‌ను కలపడం మేలు. వేడికి జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది. కాబట్టి డెవలపర్, హైపో, చివరి కడుగునీరు ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. వాటి మధ్య తేడా ఎక్కువైతే జెలటిన్ పొర ముడతలు పడవచ్చు.

5. ముగింపు:

మంచుగడ్డలు ఉంచిన తొట్టితో ద్రావణాన్ని 24 డిగ్రీలకు తేగలిగితే నీరు కలపని ఐడి-11 కూడా అయిదు నిమిషాల హద్దులో నిలుస్తుంది. ఆ వసతి లేనిచోట సమభాగం నీరు కలిపిన ద్రావణమే సముచితం. అందువల్ల ఓడలరేవు వంటి తీరంలో డెవలపర్ ఎంపిక ఉష్ణమాపకంతో ఆరంభం కావాలి.