కారు వేగమును కాచు సాధనము

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు మార్గము సుమారు 120 కిలోమీటర్లు. మొదట ప్రత్తిచేలును, మిరపచేలును, మామిడితోటలును కానవచ్చును. పోనుపోను చేలు పలుచబడి టేకుచెట్లు, ఇప్పచెట్లు, వెదురుపొదలు బాటకు చేరువగును. గోదావరి వంతెన దాటినచో భద్రాచలము. అచ్చట నుండి చింతూరు మీదుగా మారేడుమిల్లికి పోవు బాట తూర్పుకనుమల నెక్కి దిగుచు, అడుగడుగున మలుపులు తిరుగును.

ఇట్టి మార్గమున కారును ఒకే వేగముతో నడుపుట తేలిక కాదు. డ్రైవరు తన పాదమును యాక్సిలరేటరుపై కదలక ఉంచినను, ఎత్తు వచ్చినప్పుడు కారు వేగము తగ్గును. పల్లము వచ్చినప్పుడు పెరుగును. కావున అతడు పాదమును ఒకప్పుడు అదుముచు, ఒకప్పుడు సడలించుచు ఉండవలెను. దూరప్రయాణములలో ఈ పని మిక్కిలి అలసట కలిగించును. ఆ పనిని డ్రైవరుకు మారుగా చేయు సాధనమే క్రూజ్ కంట్రోలు.

డ్రైవరు కారును గంటకు 60 కిలోమీటర్ల వేగమునకు తెచ్చి ఒక మీట నొక్కెననుకొందము. అప్పటి నుండి ఆ సాధనము కారు వేగమును క్షణక్షణము కొలుచుచు, నిర్ణయించిన వేగముతో పోల్చి చూచును. వేగము 58కి దిగినచో ఇంజనుకు బలము పెంచును. 62కి ఎక్కినచో తగ్గించును.

ఈ సూత్రము క్రొత్తది కాదు. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రమునకు గవర్నరు అను సాధనమును అమర్చెను. అందు తిరుగు ఇరుసునకు ఇరువైపుల రెండు బరువైన గుండ్లు వ్రేలాడుచుండును. యంత్రము వేగము హెచ్చినచో గుండ్లు ఎడముగా లేచి ఆవిరి కవాటమును కొంత మూయును; వేగము తగ్గినచో అవి దిగి కవాటము తెరచుకొనును. పాల్వంచలోని థర్మల్ విద్యుత్కేంద్రమునందు టర్బైనులు నిమిషమునకు 3000 చుట్లు తప్పక తిరుగుటకును ఇట్టి గవర్నర్లే కారణము. అవి నేడు విద్యుత్పరికరములతో పనిచేయుచున్నను సూత్రము అదియే.

ఆధునిక క్రూజ్ కంట్రోలుకు మూలపురుషుడు రాల్ఫ్ టీటరు అను అమెరికా ఇంజనీరు. ఆయన 1890లో జన్మించి, ఐదవయేట ప్రమాదమువలన చూపు కోల్పోయెను. అయినను పట్టు విడువక ఇంజనీరింగు చదివి, యంత్రభాగములను వ్రేళ్ళతో తడవి గుర్తించుచు ప్రవీణుడయ్యెను. ఆయన నెక్కించుకొని కారు నడుపుచున్న మిత్రుడొకడు, తాను మాటలాడునప్పుడు వేగము తగ్గించుచు, వినునప్పుడు పెంచుచు పోయెననియు, ఆ కుదుపులే టీటరునకు ఈ యాలోచన కలిగించెననియు చెప్పుదురు. 1950లో ఆయనకు పేటెంటు లభించెను. 1958లో క్రైస్లరు సంస్థ ఈ సాధనమును తన కారులలో ప్రవేశపెట్టెను.

గేర్లు వానియంతట అవి మారు కారులలో ఈ సాధనము తేలికగా పనిచేయును. చేతితో గేర్లు మార్చవలసిన కారులలో మాత్రము కొన్ని చిక్కులు కలవు. వానిని ఎడ్లబండితో పోల్చి తెలిసికొనవచ్చును.

క్లచ్చు నొక్కుట ఎద్దు మెడపై కాడి విప్పుట వంటిది. అప్పుడు ఇంజనుకును చక్రములకును సంబంధము తెగును. కారు వేగము తగ్గుచుండును. ఆ సమయమున క్రూజ్ కంట్రోలు ఊరకుండక ఇంజనుకు బలము పెంచినచో ఏమగును? కాడి విప్పిన ఎద్దును చెర్నాకోలతో కొట్టినట్లగును. బండి కదలదు, ఎద్దు మాత్రము పరుగెత్తును. అట్లే భారము లేని ఇంజను పెద్దరొద చేయుచు అతివేగముగా తిరిగి చెడిపోవచ్చును. అందుచేత క్లచ్చు పెడలు వద్ద ఒక స్విచ్చి నుంచిరి. పెడలు నొక్కినంతనే అది క్రూజ్ కంట్రోలును ఆపును. బ్రేకు నొక్కినను ఇట్లే జరుగును. పెక్కు కారులలో గేరు మార్చిన పిమ్మట డ్రైవరు మరల మీట నొక్కవలెను. కొన్ని క్రొత్త కారులలో గేరు త్వరగా మార్చినచో సాధనము తానే తిరిగి పని నారంభించును.

రెండవ చిక్కు ఎత్తు ఎక్కునప్పుడు కలుగును. ఐదవ గేరులో ఉన్న కారు ఘాట్‌రోడ్డు నెక్కవలసి వచ్చినచో, సాధనము ఇంజను బలమును ఎంత పెంచినను వేగము నిలువదు. ఇంజను మూలుగుచు కంపించును. అప్పుడు కావలసినది దిగువ గేరు. ఆ సంగతి గ్రహించి గేరు మార్చు శక్తి సాధనమునకు లేదు. ఆ పని డ్రైవరుదే. వేగము మరీ పడిపోయినచో పెక్కు సాధనములు తమంతట తామే విరమించుకొనును.

మూడవ చిక్కు మరింత ప్రమాదకరము. దిగుడునందు సాధనము ఇంజను బలమును పూర్తిగా తగ్గించినను భూమ్యాకర్షణ కారును ముందునకు లాగును. సాధారణమైన క్రూజ్ కంట్రోలుకు బ్రేకుపై అధికారము లేదు. దాని చేత చెర్నాకోల ఉన్నది గాని పగ్గములు లేవు. అందువలన కనుమ దిగు డ్రైవరు సాధనమును ఆపి, ముందే దిగువ గేరు వేసికొనవలెను. అప్పుడు ఇంజనే చక్రములను నిగ్రహించును. బ్రేకులు మితిమీరి వేడెక్కి పట్టు కోల్పోవు ప్రమాదము తగ్గును.

ముందు పోవు వాహనమును కనిపెట్టి తామే వేగము తగ్గించు సాధనములు నేడు కొన్ని కారులలో కలవు. అయినను మలుపు చాటున నున్న పశువులమందను గాని, శ్రీరామనవమికి కాలినడకన పోవు యాత్రికులను గాని అవి తప్పక గుర్తించునని నమ్మరాదు. వానకు తడిసిన బాటపై చక్రములు జారవచ్చును గనుక అప్పుడును ఈ సాధనమును వాడరాదు.

తిన్ననిది, పొడిది, రద్దీ లేనిది అగు బాటపై క్రూజ్ కంట్రోలు డ్రైవరు పాదమునకు విశ్రాంతి నిచ్చును. ఊరు సమీపించినప్పుడును, కనుమ మొదలైనప్పుడును దానిని ఆపి, వేగమును డ్రైవరు తన చేతిలోనికి తీసికొనవలెను.