గొఱ్ఱెల పొట్టలోని నట్టలు - వాని కండ బలము



ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతములలో వానలు వెనుదీసి పైరు చేయిచ్చిన యేటను మంద ఆదుకొనును. పల్ల, జోడిపి, దొర రకముల నెల్లూరు గొఱ్ఱెలు పెక్కు కుటుంబములకు ఆధారము. అట్టి మందను వానకాలమున నట్టలు లోలోపల గుల్ల చేయును. వీనిలో మిక్కిలి ప్రమాదకరమైనది హీమాంకస్ అను నెత్తురు త్రాగు పురుగు. ఒక్కొక్క పురుగు వలన దినమునకు సుమారు 0.05 మి.లీ. నెత్తురు పోవును. అనగా వేయి పురుగులున్న గొఱ్ఱె దినమునకు 50 మి.లీ. నెత్తురు కోల్పోవును.

మేత యంతయు క్రిందికి జారుచుండగా ఈ పురుగు నాల్గవ పొట్టలో ఎట్లు నిలువగలుగుచున్నది? తన కండ బలముతో మెలికలు తిరుగుచు ఎదురీదుట వలననే.

నులక మంచమును చూడుడు. నులక ఎంత గట్టిదైనను పట్టెకు బిగించి కట్టనిచో మంచము బరువు మోయదు. పురుగు కండలో యాక్టిన్ అను సన్నని పోగులు నులక వంటివి. మయోసిన్ అను లావు పోగులు వానిని లాగగా కండ ముడుచుకొనును. యాక్టిన్‌ను పట్టియుంచు మాంసకృత్తులు కొన్ని కలవు. ఆల్ఫా-యాక్టినిన్ ఈ పోగులను జతపరచును. విన్‌క్యులిన్ వానిని కణపు పొరకు బిగించుటకు తోడ్పడును.

ఈ సంగతులు చాలవరకు మంటిలో నివసించు ఒక మిల్లీమీటరు పురుగు వలన తెలిసినవి. దానిపై సిడ్నీ బ్రెన్నర్ అను శాస్త్రజ్ఞుడు 1974లో ప్రకటించిన పరిశోధన ఇందుకు దారి తీసినది. విన్‌క్యులిన్ లోపించిన పురుగు కదలలేక, దాని ఎదుగుదల నిలిచిపోవునని 1991లో వెల్లడియైనది.

లెవమిసోల్ మందు ఈ కట్టడమును తెంపదు. నరముల ఆజ్ఞను కండకు చేర్చు ద్వారములను తెరచి మూయనీయదు. కండ ముడుచుకొనియే యుండును. పురుగు బిగుసుకొని, పేడతో వెలుపలికి కొట్టుకొనిపోవును.

ఇచటనే జాగ్రత్త వలయును. ద్వారములు కొంత మారిన పురుగులు చాలీచాలని మోతాదుకు చావవు. వాని సంతతియే మందలో పెరిగి, తుదకు ఆ మందు పనిచేయకుండ పోవును. కనుక మందును కంటి అంచనాతో పోయరాదు. గొఱ్ఱెను తూచి, పశువైద్యుడు చెప్పిన మోతాదునే పట్టవలెను. ఎక్కువైనచో లెవమిసోల్ గొఱ్ఱెకే విషమగును.

కనురెప్ప లోపలి భాగము తెల్లబారినను, దవడ క్రింద నీరు దిగినను ఆలస్యము చేయక పశువైద్యశాలకు తెలుపుడు. మందు పట్టిన 10-14 దినములకు పేడ పరీక్ష చేయించినచో అది పనిచేసినదో లేదో తేలును. క్రొత్తగా కొన్న గొఱ్ఱెలను పరీక్ష ముగియువరకు మందలో కలుపకుడు. నేడు తూకమునకు పట్టు కొద్దిపాటి శ్రమయే రేపు మీ మందకు మందు మిగుల్చును.