రేకు మడత, కంప్యూటరు లెక్క

మంజీరా నదిపై 1931లో పూర్తియైన నిజాంసాగర్ జలాశయము వలన కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ ప్రాంతము వరిపంటకు పేరుగాంచినది. పంట చేతికి వచ్చిన దినములలో ధాన్యము బియ్యపు మిల్లులకు చేరును. అచ్చట ధాన్యమును పోయు తొట్టిని హాపరు అందురు. పైన వెడల్పుగను, క్రింద ఇఱుకుగను ఉండు ఈ తొట్టిని ఇనుపరేకుతో చేయుదురు. చూచువారికి అందు విశేషమేమియు కనబడదు. కాని చదునైన రేకునకు ఆ ఆకారము నిచ్చుట సులభము కాదు.

కుమ్మరి తన కుండ వంకరపోయినచో మట్టిని ముద్దచేసి మరల సారెపై నుంచును. రేకుపనివానికి అట్టి అవకాశము లేదు. పొట్టిగా కోసిన రేకు మరల పెరుగదు. కనుక తొట్టిని విప్పి నేలపై పఱచినచో ఎట్లుండునో ముందే ఊహించి, ఆ రూపమును రేకుపై గీయవలెను. దర్జీ గుడ్డను కత్తిరించుటయు నిట్టిదే. అయితే గుడ్డకు లేని చిక్కు రేకునకు ఒకటి కలదు. అది దాని మందము.

2 మిల్లీమీటర్ల మందముగల రేకును మూలమట్టము వలె వంచవలె ననుకొందము. వెలుపలి కొలత ప్రకారము ఒక భుజము 50, రెండవది 30 మిల్లీమీటర్లు ఉండవలెను. రేకును ఎంత పొడవున కోయవలెను? 80 అని వెంటనే చెప్పబుద్ధియగును. అది తప్పు. లోపలివైపు కొలిచి, 48, 28 కలిపి 76 అన్నను సరికాదు. రేకు వంగునపుడు వెలుపలి పొర సాగును. లోపలి పొర కుదించుకొనిపోవును. నడుమ సాగక, కుదించుకొనక నిలుచు పొర యొకటి ఉండును. దాని పేరు తటస్థరేఖ. ఆ రేఖ పొడవే మనకు కావలసిన పొడవు.

లోపలి వంపు వ్యాసార్ధము 2 మిల్లీమీటర్లనియు, తటస్థరేఖ లోపలి అంచునకు రేకు మందములో 0.44 వంతు దూరమున నున్నదనియు అనుకొందము. అప్పుడు తటస్థరేఖ వ్యాసార్ధము 2.88. ఆ వృత్తపరిధిలో నాలుగవ వంతు 4.52. చదును భాగములు 46, 26. మొత్తము 76.52 మిల్లీమీటర్లు. వృత్తపరిధి సూత్రము ఎందులకు పనికివచ్చునని అడుగు బాలురకు ఇదియే సమాధానము. 80 అని కోసినవాడు ఒక్క వంపునకే మూడున్నర మిల్లీమీటర్లు తప్పును. నాలుగు వంపులున్నచో తప్పు 14 మిల్లీమీటర్లకు పెరుగును. అప్పుడు బోల్టు రంధ్రములు ఎదురెదురుగా రావు; కోసిన రేకంతయు వృథా.

పూర్వము పనివారు కాగితపు నమూనాలతోను, అనుభవముతోను, పట్టికలతోను ఈ పని సాగించిరి. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఐవన్ సదర్లాండ్, తెరపై కాంతికలముతో బొమ్మలు గీయు ‘స్కెచ్‌ప్యాడ్’ అను ప్రోగ్రామును రచించెను. నేటి క్యాడ్ సాఫ్ట్‌వేరులకు అది దారిచూపినది. హైదరాబాదులో 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో ఈ విద్యను నేర్పుచున్నారు.

క్యాడ్‌లో రేకు మందమును, వంపు వ్యాసార్ధమును తెలిపి, తెరమీదనే రేకును మడచి చూడవచ్చును. విప్పుమని ఆజ్ఞాపించిన క్షణములో చదునురూపము కనబడును. ఒక కొలతను మార్చినచో దానితో ముడిపడిన కొలతలన్నియు మాఱును. రెండు మడతలు కలియు మూలలో రేకు చినుగకుండుటకై చిన్న గండి పెట్టవలెను. దానిని కూడ తెరపైననే చూచి సరిచేయవచ్చును. రంధ్రము మడతకు మిక్కిలి దగ్గఱగా నున్నచో వంచునపుడు సాగి అండాకారమగును గనుక, ఆ దూరమును ముందుగనే చూచుకొందురు. సిద్ధమైన చిత్రము నేరుగా లేజరు కోతయంత్రమునకు పోవును.

అయితే ఆ 0.44 అను సంఖ్య ఎక్కడిది? అది కంప్యూటరు కనుగొన్నది కాదు, మనము ఇచ్చినది. రేకు గట్టిదనమును, వంచు యంత్రపు అచ్చును బట్టి అది మాఱుచుండును. అందుచేత నేర్పరులు అదే రేకునుండి 100 మిల్లీమీటర్ల పట్టీని కోసి, అదే యంత్రముపై వంచి, రెండు భుజములను వెలుపలినుండి కొలుతురు. 0.44 నిజమైనచో మొత్తము 103.48 రావలెను. లోపలి వంపు సరిగా 2 మిల్లీమీటర్లే యుండి, కొలత 103.70 వచ్చినచో నిజమైన సంఖ్య సుమారు 0.37. దానిని కంప్యూటరునకు తెలిపిన పిదపనే పెద్ద రేకును కోతకు పెట్టుదురు.