మనం తీసిన చిత్రం – పరుల వ్యాపారం
ఛాయాచిత్రాల హక్కు, వెల, అనుమతి: ముస్లిం కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

కాజీపేట చుట్టుపక్కల కెమెరాకు కొరత లేనట్లే, కెమెరా చూడదగిన దృశ్యాలకూ కొరత లేదు. ఉత్తర, దక్షిణ భారతాలను కలిపే రైల్వే జంక్షను, సఫర్ మాసంలో హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ (రహ్మ) దర్గా ఉర్సుకు తరలివచ్చే జనం, కూతవేటు దూరంలో హనుమకొండ వేయిస్తంభాల గుడి, ఆవల వరంగల్ కోటలోని కాకతీయ తోరణం, ఖుష్ మహల్. ఫోను చేతిలో ఉన్న ప్రతి విద్యార్థీ, ప్రతి గృహిణీ నేడు ఛాయాచిత్రకారులే. వారు సరదాకు తీసిన చిత్రాలలో కొన్ని వృత్తినిపుణుల చిత్రాలకు ఏమాత్రం తీసిపోవు.

ఇక్కడే ఒక సమస్య తలెత్తుతోంది. క్యాలెండరు అచ్చువేసేవారు, ప్లాట్లు అమ్మేవారు, హోటలు గోడలు అలంకరించేవారు, పాఠశాల కరపత్రం తయారుచేసేవారు ఆ చిత్రాన్ని చూసి ముచ్చటపడతారు. “ఆ ఫోటో కాస్త పంపండి, కింద మీ పేరు వేస్తాం” అంటారు. తీసినవారు మొహమాటంతో పంపుతారు. వెల మాట రాదు, గడువు మాట రాదు. కొన్నాళ్ళకు అదే చిత్రం మరో ఊరిలో మరో వ్యాపారి ఫ్లెక్సీ మీద కనిపిస్తుంది. అప్పుడు మనసు నొచ్చుకుంటుంది గానీ, అడగడానికి చేతిలో ఆధారం ఉండదు. ఈ పరిస్థితి రాకుండా ఉండాలంటే మనకు మూడు విషయాలు తెలియాలి: చిత్రం ఎవరిది, దాని వెల ఎంత, అందులో కనిపించేవారి హక్కు ఏమిటి.

చిత్రం ఎవరి సొత్తు?

మన దేశంలో ఈ విషయాన్ని నిర్ణయించేది 1957 నాటి కాపీరైట్ చట్టం. ఈ చట్టం ఛాయాచిత్రాన్ని కళాకృతిగా పరిగణిస్తుంది. తీసినవారు వృత్తినిపుణులా, ఔత్సాహికులా అన్న భేదం చూడదు. మీట నొక్కిన క్షణం నుండే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. 2012 సవరణ తరువాత ఛాయాచిత్రానికి కూడా తీసినవారి జీవితకాలం, ఆపై మరో 60 ఏళ్ళ పాటు రక్షణ లభిస్తోంది. అంటే మన పిల్లలకు వారసత్వంగా మిగిలే ఆస్తులలో ఇదీ ఒకటి.

అయితే ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. సొమ్ము చెల్లించి, పనిగట్టుకొని మరొకరి చేత తీయించుకున్న ఛాయాచిత్రానికి, వేరే ఒడంబడిక లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. నికాహ్, వలీమా చిత్రాల విషయంలో ఇది మన కుటుంబాలకు ఎంతో అవసరమైన సమాచారం. మనం డబ్బిచ్చి తీయించుకున్న పెళ్ళికూతురి చిత్రాన్ని స్టూడియో వారు తమ అద్దాల బీరువాలోనో, ఇంటర్నెట్‌లోనో ప్రచారానికి పెట్టుకోవాలంటే మన అనుమతి తీసుకోవాలి. కాబట్టి బయానా ఇచ్చేటప్పుడే రసీదుపై ఉన్న షరతులను చదవండి. హక్కులన్నీ స్టూడియోవేనని అందులో వ్రాసి ఉంటే దానిని కొట్టివేయించిన తరువాతే సంతకం చేయండి.

సోషల్ మీడియాలో పెట్టినంత మాత్రాన చిత్రం దిక్కులేని సొమ్ము అయిపోదు. 2010లో హైతీ భూకంప దృశ్యాలను డేనియల్ మోరెల్ అనే ఛాయాచిత్రకారుడు ట్విట్టర్‌లో ఉంచగా ఏ.ఎఫ్.పి., గెట్టీ ఇమేజెస్ సంస్థలు అనుమతి లేకుండా వాడుకున్నాయి. 2013లో న్యూయార్కు న్యాయస్థానంలో జ్యూరీ ఆయనకు 12 లక్షల డాలర్లకు పైగా పరిహారం నిర్ణయించింది.

సరదా నుండి సంపాదనకు

ఔత్సాహికుడు తన చిత్రాలకు వెల కట్టడం మన గడ్డకు కొత్త కాదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారునిగా ప్రసిద్ధి పొందిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) మొదట ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగి. 1874 ప్రాంతంలో సరదాగా కెమెరా పట్టాడు. చేయి తిరిగాక ఉద్యోగం విడిచి, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. నిజాం ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు ప్రసాదించాడు. 1892లో ఆయన సంస్థ హైదరాబాదులో కేవలం స్త్రీల కోసం ‘జనానా’ స్టూడియో తెరిచింది; దాని నిర్వహణ ఒక మహిళకే అప్పగించింది. పరదా పాటించే కుటుంబాల మర్యాదను గౌరవిస్తూనే వ్యాపారం చేయవచ్చునని ఆ స్టూడియో చాటింది. ఛాయాచిత్రకళలో ఆసక్తి ఉన్న మన ఆడపిల్లలకు ఆ మార్గం నేటికీ తెరిచే ఉంది.

అమ్మకమా, అద్దెయా?

మనవారు తరచుగా తికమకపడే చోటు ఇదే. చిత్రాన్ని వ్యాపారికి ఇవ్వడంలో రెండు పద్ధతులున్నాయి. హక్కును పూర్తిగా ధారాదత్తం చేయడం ఇంటిని విక్రయించడం వంటిది. లైసెన్సు ఇవ్వడం ఇంటిని అద్దెకు ఇవ్వడం వంటిది. ధర్మశాస్త్ర పరిభాషలో మొదటిది ‘బై’, రెండవది ‘ఇజారా’కు దగ్గరిది. ఇజారాలో వస్తువు యజమానిదే. దాని ప్రయోజనాన్ని మాత్రం నిర్ణీత గడువుకు, నిర్ణీత ప్రతిఫలానికి మరొకరు పొందుతారు.

ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మనం ఎవరుంటారు, ఎన్నాళ్ళుంటారు, ఇంట్లో కాపురమా, దుకాణమా అని అడుగుతాం. చిత్రానికీ అవే ప్రశ్నలు వర్తిస్తాయి. ఎందుకు వాడతారు? ఎన్ని ప్రతులు? ఎంత కాలం? ఏ ప్రాంతంలో? వారికొక్కరికేనా, ఇతరులకూ ఇవ్వవచ్చునా? ఈ అయిదు ప్రశ్నలకు జవాబు తేలనిదే వెల చెప్పడం, కొలవకుండా గుడ్డ అమ్మడమే అవుతుంది. ముహమ్మద్ ప్రవక్త (స) అనిశ్చితితో కూడిన ‘గరర్’ లావాదేవీలను నిషేధించారు. గడువు, వాడుక తేల్చకుండా “వాడుకోండి” అనడంలో ఆ అనిశ్చితే దాగి ఉంది.

చట్టం కూడా ఈ విషయంలో గట్టిగానే ఉంది. హక్కు బదిలీ గానీ, లైసెన్సు గానీ వ్రాతపూర్వకంగా ఉండాలి. పత్రంలో గడువు పేర్కొనకపోతే అయిదేళ్ళుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశమంతటికీ ఇచ్చినట్లుగా చట్టం భావిస్తుంది. ఒక్క ఏడాది క్యాలెండరుకు ఇవ్వదలచినవారు ఆ ఒక్క మాట వ్రాయకపోతే అయిదేళ్ళు దేశమంతా వదులుకున్నట్లే. అప్పు వ్యవహారాన్ని, అది చిన్నదైనా పెద్దదైనా, గడువుతో సహా వ్రాసుకోమని దివ్య ఖుర్ఆన్ (అల్ బఖరా: 282) ఆదేశిస్తోంది. ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు వ్రాతకోతల గురించే కావడం మనం ఆలోచించవలసిన సంగతి.

వెల ఎలా కట్టాలి?

“మాది సరదా పని, దానికి ధర ఏమిటి?” అని కొందరు, వేలకు వేలు చెప్పి బేరం పోగొట్టుకునేవారు మరికొందరు. రెండింటికీ విరుగుడు లెక్క వేసుకోవడమే. ఉదాహరణకు 50,000 రూపాయల కెమెరా అయిదేళ్ళు పనిచేస్తుందనుకుందాం. ఏడాదికి దాని అరుగుదల 10,000. మరమ్మతులు, మెమరీ కార్డులు 5,000. ప్రయాణాలు 9,000. మొత్తం 24,000. ఏడాదిలో 24 సార్లు చిత్రాలు లైసెన్సుకు వెళతాయని అంచనా వేస్తే ఒక్కొక్కదానిపై ఖర్చు 1,000. తీయడానికి, సరిదిద్దడానికి పట్టిన పూటకు కూలి 800 అనుకుంటే 1,800 అవుతుంది. ఇంతకు తగ్గితే చేతి సొమ్ము పోసి వ్యాపారికి దానం చేసినట్లే.

ఈ 1,800 ఒక ఏడాదికి, ఒక్క వాడుకకు, ఇతరులకూ ఇచ్చుకునే స్వేచ్ఛతో కూడిన ధర. వ్యాపారి “మాకొక్కరికే కావాలి” అంటే, ఆ ఏడాది రాగల మరో ఇద్దరిని మనం తిప్పిపంపవలసి వస్తుందనుకుంటే, వారి వంతు కూడా అతడే భరించాలి. అప్పుడు 5,400 అవుతుంది. సర్వహక్కులూ అడిగితే, ఆ చిత్రం మున్ముందు తేగల రాబడి అంతటినీ లెక్కించి చెప్పాలి. ఔత్సాహికులు సర్వహక్కులు వదులుకోకపోవడమే మేలు.

అంతర్జాతీయ చిత్ర విపణుల సంగతీ తెలుసుకోవాలి. షట్టర్‌స్టాక్ 2020 జూన్ నుండి అమలు చేసిన విధానంలో చిత్రకారుని వాటా శ్రేణిని బట్టి 15 నుండి 40 శాతం; ఒక్కో డౌన్‌లోడుకు కనీసం 10 సెంట్లు. జనవరి 1న ప్రతివారి శ్రేణీ మళ్ళీ మొదటికి వస్తుంది. అడోబ్ స్టాక్ ఛాయాచిత్రాలకు 33 శాతం ఇస్తుంది. అక్కడ ‘రాయల్టీ ఫ్రీ’ అన్న మాటకు ఉచితం అని అర్థం కాదు. ఒకసారి చెల్లించి పలుమార్లు వాడుకోవచ్చునని మాత్రమే. వందల చిత్రాలు ఉన్నవారికి ఆ మార్గం పనికివస్తుంది. కాకతీయ తోరణంపై మంచు కమ్మిన ఒక అరుదైన దృశ్యాన్ని మాత్రం తెలిసిన ప్రచురణకర్తకు నేరుగా ఇవ్వడమే లాభం.

ధనం ఆశించక లోకహితానికి ఇవ్వదలచిన వారికి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఉన్నాయి. వికీపీడియాలో చేరే చిత్రాలకు వాణిజ్య వాడుకనూ అనుమతించే లైసెన్సు కావాలి. ఇది శ్లాఘనీయమైన దానమే. అయితే ఒకసారి ఇచ్చిన ఆ లైసెన్సును వెనక్కు తీసుకోవడం కుదరదు. తెలిసి ఇస్తే అది దానం. తెలియక ఇస్తే తరువాత మిగిలేది పశ్చాత్తాపమే.

చిత్రంలోని మనిషి మాటేమిటి?

హక్కు తీసినవారిదే అయినా ముఖం తీయబడినవారిది. 2018 ఆగస్టులో మన రాష్ట్రంలో ప్రభుత్వ పథకాల పత్రికా ప్రకటనలలో ఒక పేద దంపతుల చిత్రం వాడారు. ఒక ప్రకటనలో భార్య పక్కన భర్తకు బదులు మరొక పురుషుని బొమ్మ అతికించారు. ఆ ఇల్లాలి పరువుకు కలిగిన నష్టాన్ని ఏ పరిహారం పూడ్చగలదు? అంతకుముందు 2007లో వర్జిన్ మొబైల్ ఆస్ట్రేలియా శాఖ ఒక అమెరికన్ బాలిక చిత్రాన్ని ఎగతాళి మాటలతో ప్రకటనకు వాడుకుంది. ఆ చిత్రం తీసినవారు వాణిజ్య వాడుకకు లైసెన్సు ఇచ్చి ఉన్నారు. బాలిక కుటుంబాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ కుటుంబం వేసిన దావాను విచారణ పరిధి లేదని టెక్సాస్ న్యాయస్థానం కొట్టివేసింది.

అనుమతి లేకుండా ఒకరి పేరును, రూపాన్ని ప్రకటనలకు వాడుకోవడం వారి ఏకాంత హక్కుకు భంగమని మన సుప్రీంకోర్టు 1994లో ఆటో శంకర్ కేసుగా పేరొందిన తీర్పులో పేర్కొంది. 2017లో ఏకాంతతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అందుచేత గుర్తుపట్టదగిన వ్యక్తి ఉన్న చిత్రాన్ని వ్యాపారానికి ఇచ్చేముందు వారి వ్రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. మైనర్లు ఒప్పందం చేసుకోలేరు కాబట్టి సంరక్షకుల సంతకం కావాలి. ఉర్సులో దుఆ చేస్తున్న వృద్ధురాలు గానీ, ఈద్గాహ్‌లో కొత్త బట్టలతో నిలిచిన బాలుడు గానీ మన ప్రకటనలకు సరుకు కారు. పరుల ఇంట అడుగుపెట్టేముందే అనుమతి కోరమన్న ధర్మం, వారి ముఖాన్ని వీధిలో అమ్మడానికి అనుమతి అక్కరలేదంటుందా?

స్థలాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. భవనాల ఛాయాచిత్రం తీసి ప్రచురించడం కాపీరైట్ ఉల్లంఘన కాదు. కానీ పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలలో, రైల్వే ప్రాంగణాలలో వాణిజ్య చిత్రీకరణకు ముందస్తు అనుమతి కావాలి. దర్గాలు, మస్జిదుల లోపల తీసేముందు నిర్వాహకులను అడగడం మర్యాద.

ధర్మం ఏమంటుంది?

ప్రాణుల ఛాయాచిత్రాల విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి. చిత్రలేఖనమే తన జీవనోపాధి అని చెప్పుకున్న ఒక వ్యక్తికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెట్లు, ప్రాణంలేని వస్తువుల బొమ్మలు వేసుకోమని సలహా ఇచ్చినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. మనసుకు సంకోచం ఉన్నవారికి కట్టడాలు, చెరువులు, పంటపొలాలు, చేనేతలు ఎన్నో ఉన్నాయి.

ఇక మేధోశ్రమ అమ్ముకోదగిన ఆస్తేనా అన్న ప్రశ్నకు, 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ సమాధానమిచ్చింది. రచనా హక్కులు, ఆవిష్కరణల హక్కులు షరీఅత్ దృష్టిలో రక్షణ కలిగినవనీ, వాటిని అతిక్రమించరాదనీ తీర్మానించింది. అయితే మన చిత్రం దేనికి వాడబడుతుందన్న బాధ్యత మనపై ఉంది. మద్యం, వడ్డీ వ్యాపారం, జూదం, అశ్లీలత ప్రచారానికి వాడరాదన్న షరతును ఒప్పందంలో చేర్చుకోవచ్చు.

ఈ ధర్మానికి మరో వైపు కూడా ఉంది. తమకు కొలిపించుకునేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇతరులకు కొలిచేటప్పుడు తగ్గించేవారిని అల్ ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరిస్తోంది. మన చిత్రాన్ని ఎవరో తీసుకున్నారని బాధపడే మనమే మన దుకాణం బోర్డుకు, మదరసా వార్షికోత్సవ కరపత్రానికి, ఇఫ్తార్ విందు ఆహ్వానానికి ఇంటర్నెట్ నుండి ఎవరిదో చిత్రాన్ని దించుకొని అచ్చువేయడం లేదా? అది కూడా ఎవరో ఒకరు తెల్లవారుజామున లేచి తీసినదే.

ఒప్పంద పత్రానికి ఒక పుట చాలు. ఇరువురి పేర్లు, చిత్రం వివరం, వాడుక, ప్రతుల సంఖ్య, గడువు, ప్రాంతం, ప్రత్యేక హక్కు ఉన్నదీ లేనిదీ, వెల, చెల్లింపు తేదీ, చిత్రం కింద పేరు, మార్పులు చేయరాదన్న షరతు, సంతకాలు, సాక్షులు. పెద్ద ఫైలును సొమ్ము ముట్టిన తరువాతే పంపాలి. అంతవరకు చిన్న ప్రతి చూపితే చాలు. సొమ్ము ఇవ్వవలసినవారు కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) ఆదేశాన్ని గుర్తుంచుకోవాలి.

మొహమాటంతో ఇచ్చిన ఉచితం స్నేహాన్ని నిలబెట్టదు. వ్రాసుకొని, నవ్వుతూ ఇచ్చిపుచ్చుకున్నది నిలబెడుతుంది. పరస్పర అంగీకారంతో సాగే వ్యాపారాన్నే అల్లాహ్ ధర్మసమ్మతం చేశాడు (అన్ నిసా: 29). ఇంట్లో కెమెరా పట్టిన బిడ్డ ఉంటే, మంచి లెన్సు కొనివ్వడానికి ముందు ఈ నాలుగు మాటలు నేర్పుదాం. ఆ బిడ్డ సంపాదన హలాల్‌గా, ఇతరుల పరువు భద్రంగా ఉంటాయి, ఇన్షా అల్లాహ్.