తప్పు అత్తగారిది కాదు... తెరది!

"ఈ ఫోను నాకొద్దమ్మాయ్. తీసి బీరువాలో పెట్టెయ్."

రెండేళ్ల కిందట మా అత్తగారు ఈ మాట అన్నప్పుడు నేను నమ్మలేకపోయాను. చిల్లకూరులో మా వీధి ఆడవాళ్లందరిలోకీ ఫోన్లో కరెంటు బిల్లు కట్టడం ముందు నేర్చుకున్నది ఆవిడే. చదువు అయిదో తరగతితో ఆగిపోయినా డ్వాక్రా సంఘం లెక్కలు రాసిన చెయ్యి అది. "లైన్లో నిలబడే బాధ తప్పింది" అని మురిసిపోయిన మనిషి కాస్తా ఫోను మోగితే ఉలిక్కిపడుతోంది.

వారం రోజులు బతిమాలితే గానీ అసలు సంగతి బయటపడలేదు. బిల్లు కడదామని ఏదో యాప్‌లో మీట నొక్కిందట. తెర మీద ఓ సున్నా గిరగిరా తిరగడం మొదలైంది. డబ్బు వెళ్లిందా, వెళ్లలేదా? చెప్పే నాథుడు లేడు. వెళ్లలేదేమోనని మళ్లీ నొక్కింది. 1140 రూపాయలు రెండుసార్లు పోయాయి! ఆ డబ్బు తర్వాతి బిల్లులో సర్దుబాటయింది గానీ, పోయిన ధైర్యం మాత్రం తిరిగి రాలేదు. "సదువు లేనిదాన్ని, తప్పు నాదే" అని తేల్చేసుకుంది. మళ్లీ నెలనెలా పక్కింటి కుర్రాడి కోసం గుమ్మంలో కాచుకోవడం మొదలుపెట్టింది.

నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను. డిగ్రీ చదివినదాన్ని, నాలుగు కథలు అచ్చులో చూసుకున్నదాన్ని కదా! "నిదానంగా చూసి నొక్కాల్సింది అత్తయ్యా" అని ఓ సలహా కూడా పారేశాను.

ఆ సంక్రాంతికి మా ఆడపడుచు కూతురు వచ్చింది. సంగతంతా విని, "తప్పు నీది కాదమ్మమ్మా, ఆ తెర గీసినవాళ్లది" అంది. "అలాంటి తెరలు సరిగ్గా గీయడమే నేను నేర్చుకుంటున్న పని."

బొమ్మలు గీస్తే జీతమిస్తారా?

ఆ పిల్ల గూడూరు దగ్గర ఇంజినీరింగు చదివింది. తోటివాళ్లంతా కోడింగు ఉద్యోగాలు వెతుక్కుంటుంటే తను మాత్రం 'ప్రోడక్ట్ డిజైనర్' అవుతానని కూర్చుంది. "లక్షలు పోసి చదివించింది బొమ్మలు గీసుకోడానికా?" అని వాళ్ల నాన్న ఆర్నెల్లు సరిగ్గా మాట్లాడలేదు. సంబంధాల వాళ్లకి ఏం చెప్పాలో తెలియక మా ఆడపడుచు "సాఫ్ట్‌వేరే లెండి" అని సర్దేసేది.

ఇంతకీ ఏమిటా పని? పిల్ల నాకు వంటింట్లోనే పాఠం చెప్పింది.

"అత్తా, ఈ స్టవ్వు చూడు. పొయ్యిలు మూడూ ముందూ వెనకా ఉన్నాయి. మీటలేమో మూడూ ఒకే వరసలో ఉన్నాయి. ఏ మీట ఏ పొయ్యిదో ఎప్పుడైనా తడబడ్డావా?"

తడబడకేం! పాల కింద మంట తగ్గించబోయి పప్పు కింద పొయ్యి ఆర్పిన రోజులు ఎన్ని లేవు? మీకు మాత్రం లేవా?

డోనాల్డ్ నార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1988లో రోజువారీ వస్తువుల తయారీ గురించి ఓ పుస్తకం రాశాడు. అందులో ఈ పొయ్యి మీటల ముచ్చట కూడా ఉంది. ఆయన వాదన ఒక్కటే. మనుషులు మళ్లీ మళ్లీ అదే పొరపాటు చేస్తున్నారంటే, లోపం మనుషుల్లో కాదు, వస్తువులో వెతకాలి. అయిదేళ్ల తర్వాత, 1993లో, ఆయన ఆపిల్ కంపెనీలో చేరి తన ఉద్యోగం పేరులోనే 'యూజర్ ఎక్స్‌పీరియన్స్' అన్న మాట పెట్టుకున్నాడు. ఇప్పుడు పిల్లలు ముద్దుగా 'యూఎక్స్' అంటున్నది దాన్నే.

తెర మీద కనిపించే రంగులూ, అక్షరాలూ, మీటలూ 'యూఐ'. పెళ్లి భోజనాల లెక్కన చెప్పాలంటే, విస్తరి అందంగా కనిపించడం యూఐ. ఏది ముందు వడ్డించాలి, అడక్కముందే మంచినీళ్లు ఎక్కడుంచాలి అన్నది యూఎక్స్. అసలు ఈ భోజనం ఎవరికి, వాళ్లకి ఏది అరుగుతుంది, ఇంటివాళ్ల ఖర్చుకి ఏది గిట్టుబాటవుతుంది అని కూడా ఆలోచించే మనిషి ప్రోడక్ట్ డిజైనర్. గీసే పని కన్నా అడిగే పనీ, చూసే పనీ, ఇంజినీర్లతో వాదించే పనీ ఎక్కువ!

చుక్కల ముగ్గు వచ్చా?

"నాకు కంప్యూటర్ రాదు, ఇవన్నీ నాకెందుకు" అని పేజీ తిప్పెయ్యకండి. 1984లో వచ్చిన మెకింటాష్ కంప్యూటర్ తెర మీది చిన్న చిన్న బొమ్మలు వేసింది సూసన్ కేర్ అనే ఆవిడ. ఆవిడ ఇంజినీరు కాదు, కళలు చదువుకున్న మనిషి. గళ్ల కాగితం ముందేసుకుని, ఒక్కో గడి నింపుకుంటూ ఆ బొమ్మలు వేసింది. అంతకు ముందు గుడ్డ మీద గళ్లు లెక్కపెట్టి కుట్టే కుట్టుపని చేసిన అలవాటు ఆవిడకి అక్కడ పనికొచ్చింది. మనకు పడమటి వైపునున్న వెంకటగిరిలో జకార్డు మగ్గం మీద చీర అంచు నేయాలన్నా, ముందు గళ్ల కాగితం మీదే పువ్వు దిగాలి. చుక్కలు లెక్కపెట్టి ముగ్గు కలిపే చేతికి ఈ విద్య మరీ పరాయిదేం కాదు.

అయిదుగురి పరీక్ష

భోగి మర్నాడు పిల్ల ఓ నోటు పుస్తకం తెచ్చింది. పేజీకొక తెర చొప్పున పెన్సిలుతో బిల్లు కట్టే వరసంతా గీసింది. అత్తగారి ముందు పెట్టి, "ఇప్పుడేం చేస్తావమ్మమ్మా?" అనడమే గానీ ఒక్క సాయం చెయ్యలేదు. ఆవిడ వేలు ఎక్కడ ఆగితే అక్కడ ఓ గుర్తు పెట్టుకుంది. అలాగే అంగన్‌వాడీ టీచరునీ, రొయ్యల గుంటల మీద పనికెళ్లే ఒకామెనీ, నిమ్మకాయలు కట్టే ఒకామెనీ, నన్నూ కూర్చోబెట్టింది. అయిదుగురితో చూసినా ముఖ్యమైన లోపాలు చాలావరకూ బయటపడతాయని జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లోనే రాశాడట.

ఏం బయటపడిందో తెలుసా? నొక్కాక తెర మారని చోట అయిదుగురమూ రెండోసారి వేలు పెట్టాం. డిగ్రీ చదివిన నేను కూడా! ఆ రోజు అత్తగారి మొహం చూడలేకపోయాను.

ఇంకొకటీ తేలింది. 'సమర్పించు' అన్న మీట ముందు నలుగురు ఆగిపోయారు. సమర్పించడానికి అదేమైనా గుడా? 'కట్టండి' అని రాస్తే ఎవరూ ఆగలేదు. ఇంగ్లీషు మాట కోసం కొలిచిన మీటలో తెలుగు మాట పట్టదు, వరసలు దగ్గర చేస్తే వత్తులు తెగిపోతాయి. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మండలి, రామభద్ర లాంటి తెలుగు అక్షరాలు గూగుల్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి. అవి పట్టేంత చోటు వదిలే డిజైనరే కావాలి.

పిల్ల ఆ రాత్రే తెర మార్చి గీసింది. ఒకసారి నొక్కగానే మీట మసకబారుతుంది. 'డబ్బు వెళుతోంది, మళ్లీ నొక్కకండి' అని కనబడుతుంది. ఆపైన ఎంత కట్టామో, ఏ తేదీన కట్టామో పెద్దక్షరాల్లో వస్తుంది. అంతే!

మొదలుపెట్టాలంటే...

అంతవరకూ ఆ పిల్ల పేరున్న యాప్‌లను చూసి, వాటికి కొత్త రంగులు పూసి కంపెనీలకు పంపేది. ఒక్కరూ జవాబివ్వలేదు. ఈ నోటు పుస్తకం కథ పంపాక చెన్నైలో ఓ చిన్న కంపెనీ పిలిచింది. "బొమ్మ బాగుంది" అనలేదట వాళ్లు. "ఈ మాట ఎందుకు మార్చావు? ఎవరిని చూసి మార్చావు?" అని గంటసేపు అడిగారట. ఆర్నెల్లు తక్కువ జీతంతో పని నేర్చుకుని, తర్వాత ఉద్యోగంలో కుదురుకుంది.

మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే, ఏ గ్రూపు వాళ్లయినా 'యూసీడ్' పరీక్ష రాసి ఐఐటీల్లో డిజైన్ కోర్సుకు వెళ్లొచ్చు. హైదరాబాద్ ఐఐటీలో కూడా ఆ కోర్సు ఉంది. మన రాష్ట్రానికే ఎన్ఐడీ 2015లో వచ్చింది. డిగ్రీ అయినవాళ్లకి 'సీడ్' పరీక్ష ఉంది, దానికి వయసు పరిమితి లేదు. ఇల్లు కదల్లేని వాళ్లకి ఎన్‌పీటీఈఎల్ పాఠాలూ, ముంబయి ఐఐటీ వాళ్ల డీసోర్స్ పాఠాలూ ఉచితం. గీయడానికి ఫిగ్మా, పెన్‌పాట్ లాంటివి పైసా కట్టకుండానే మొదలుపెట్టొచ్చు. మూడు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్ల దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త! మొదటి ఉద్యోగం దొరకడం తేలిక కాదు, ఓపిక కావాలి.

"కృత్రిమ మేధ వచ్చింది కదే, చెబితే అదే తెరలు గీసేస్తోందిగా?" అన్నాను మొన్న ఫోన్లో.

"గీస్తుందత్తా. అమ్మమ్మ వేలు ఎక్కడ ఆగిందో పక్కన కూర్చుని చూడాలిగా. దానికి మనిషే కావాలి" అంది.

ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఎదుటి మనిషి నోరు తెరిచి అడక్కముందే వాళ్ల ఇబ్బంది కనిపెట్టడం మనం ఏళ్ల తరబడి జీతం లేకుండా చేస్తున్న పనే కదండీ! దానికి ఓ పేరుందనీ, చదువుందనీ, జీతముందనీ మన ఆడపిల్లలకి చెబితే తప్పేముంది?

మా అత్తగారి ఫోను బీరువాలోంచి బయటికొచ్చింది. బిల్లు మళ్లీ ఆవిడే కడుతోంది. మొన్న ఇంకేదో యాప్‌లో ఎక్కడో ఆగిపోయి నన్ను కేకేసింది. నేను వెళ్లేసరికి కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, తెరను వేలితో పొడుస్తూ అంది:

"వీళ్లకి గీయడం రాలేదమ్మాయ్. మన పిల్లని పిలిచి చూపించు!"