ఎవరైనా మార్చగలిగే పేజీ ఎలా నిలుస్తోంది?

వికీపీడియా గురించి కొత్తగా విన్నవాళ్లు ముందు అడిగేది ఒకటే: ఎవరు పడితే వాళ్లు రాసే చోట రాతలు చెడిపోవా? చెడిపోతాయి, చెడగొట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అయినా అది నిలబడిందంటే రాసేవాళ్ల మంచితనం ఒక్కటే కారణం కాదు. వెనక నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్ తీరు కూడా కారణమే.

అందరూ మార్చగలిగే పేజీలను 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ఆచరణలో చూపించారు. 2001లో వికీపీడియా మొదలైంది. రాసేవాళ్లూ చదివేవాళ్లూ పెరిగేసరికి మొదట వాడిన ప్రోగ్రామ్ సరిపోలేదు. మాగ్నస్ మాన్‌స్కే అనే జర్మన్ విద్యార్థి కొత్తది రాస్తే 2002 జనవరిలో దానికి మారారు. అదే ఏడాది లీ డేనియల్ క్రాకర్ దాన్ని తిరగరాశారు. మీడియావికీ అన్న పేరు 2003లో వచ్చింది. తెలుగు వికీపీడియా పుట్టిందీ ఆ సంవత్సరం డిసెంబరులోనే.

ఇందులో అసలు కిటుకు, ఏ మార్పూ పాత రాతను చెరిపేయకపోవడం. ఒక్క కామా మార్చి భద్రపరిచినా కొత్త కూర్పు తయారవుతుంది. పాతవన్నీ తేదీ, సమయం, మార్చినవారి ఆనవాలుతో సహా ‘చరిత్ర’లో ఉండిపోతాయి. ఏ రెండు కూర్పులనైనా పక్కపక్కన పెట్టి తేడా చూసుకోవచ్చు. మంచి పేరా రాయడానికి ఒక పూట పట్టవచ్చు. దాన్ని పాడుచేయడానికి నిమిషం చాలు. కానీ మళ్లీ యథాస్థితికి తేవడానికి ఆ నిమిషం కూడా అక్కర్లేదు. చెడగొట్టడం కన్నా బాగుచేయడం తేలిక కావడం వల్లే తలుపులు తెరిచి ఉంచగలిగారు.

అయితే చెడింది ఎవరో ఒకరి కంటపడాలి. అందుకే ‘ఇటీవలి మార్పులు’ పేజీ. అక్కడ ప్రతి మార్పు పక్కనా ఎన్ని బైట్లు చేరాయో ఆకుపచ్చలో, ఎన్ని పోయాయో ఎరుపులో కనిపిస్తుంది. తెలుగులో అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా మూడేసి బైట్లు పడతాయి. ‘తెలుగు’ అన్న ఒక్క మాటకే 18. ఆ లెక్క తెలిసినవాళ్లు ఎర్ర అంకెను చూడగానే పోయింది ఒక మాటో, ఒక పేరానో పసిగట్టేస్తారు.

ఇక అభిప్రాయభేదాలు. ప్రతి వ్యాసానికీ పక్కనే ఒక చర్చ పేజీ ఉంటుంది. అక్కడ మాట ముగించి నాలుగు టిల్డేలు కొడితే పేరూ సమయమూ వాటంతటవే పడతాయి. వికీ అంతటికీ సంబంధించిన విషయాలకు రచ్చబండ ఉంది. నిర్వాహకులు పేజీని తొలగించగలరు, సంరక్షించగలరు, అల్లరి చేసేవాళ్లను నిరోధించగలరు. ఏది నిజమో తేల్చే హక్కు మాత్రం ఆ మీటలతో రాదు. అది ఆధారాలు చూపి, చర్చించి తేల్చుకోవాల్సిందే. నాకు ఈ ఏర్పాటులో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

పనిముట్లు ఎన్ని ఉన్నా, చూసేవాళ్లు లేని పేజీలో తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోగలదు. తెలుగు వికీలో ఎన్నో ఊళ్లకు పేజీలున్నాయి. ఖాతా తెరిచి, మీ ఊరి పేజీ పైనున్న నక్షత్రం గుర్తు నొక్కండి. అది మీ వీక్షణ జాబితాలో చేరుతుంది, ఆపైన అందులో ఏం మారినా ఆ జాబితాలో కనిపిస్తుంది.