రెండు గుంతల మరుగుదొడ్డి - లోపములు, సవరణలు, ఎరువు

పెరటి మరుగుదొడ్డిని గురించి వ్యవసాయ పత్రికలో వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. పశువుల పెంటను గురించి పుటలు నింపు మేము ఇంటివారి మలమును గురించి మౌనము వహించుటయే నిజమునకు వింత. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ కార్యక్రమము ఆరంభమైన పిదప గ్రామములలో మరుగుదొడ్ల కట్టుబడి ముమ్మరమైనది. వానిని గురించి రైతులు సాధారణముగా అడుగు ప్రశ్నలు మూడు: వాసన వచ్చుచున్నది, నీరు పోవుట లేదు, గుంత అప్పుడే నిండినది. నాలుగవ ప్రశ్నను అడుగువారు అరుదు. రెండు గుంతలలో ఇప్పుడు ఏది వాడుకలో నున్నది? అన్నిటికంటె ముఖ్యమైనది ఇదియే.

ముందుగా ఇది పనిచేయు తీరు తెలిసికొనవలెను. బేసిను క్రింద వంకగొట్టము ఉండును. మేస్త్రీలు దీనిని ట్రాప్ అందురు. అక్కడినుండి మలము, నీరు ఒక చిన్న ఛాంబరునకు చేరి, అచ్చట చీలిన రెండు దారులలో ఒకదాని గుండ గుంతలో పడును. గుంత గోడకు సందులుండును. అడుగున సిమెంటు వేయరు. నీరును, పుట్టిన వాయువులును చుట్టుప్రక్కల మట్టిలోనికి ఇంకిపోవును. మిగిలినది గుంతలోనే చివుకును. అందుచేత దీనికి సెప్టిక్ ట్యాంకునకు వలె గాలిగొట్టము అక్కరలేదు. సుమారు 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు గల గుంత ఐదుగురున్న ఇంటికి మూడేండ్ల వరకు చాలును. అది నిండగానే దానిని మూసి రెండవదానిని తెరువవలెను. రెండవది నిండులోపల మొదటిది చివికి ఎరువగును.

పలుచోట్ల జరుగునది వేరు. ఛాంబరులో ఒక దారిని మూయకుండనే మేస్త్రీ వెళ్లిపోవును. రెండు గుంతలు ఒక్కమారే నిండును. ఒకదానికైనను విశ్రాంతి ఉండదు. రెండింటిలోను పచ్చి మలమే నిలుచును. నిండిననాడు దానిని ఎత్తుటకు ఎవరినో పిలువవలసివచ్చును. చివుకని మలమును మనుష్యులచేత ఎత్తించుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. అంతకుమించి, అది మనిషికి చేయు అన్యాయము. ఒక ఇటుక ముక్క పెట్టినచో తప్పిపోవు పని ఇది. కావున ఈ సంచిక చదివిన వెంటనే ఛాంబరు మూత తీసి చూడుడు. రెండు దారులును తెరచియున్నచో ఒకదానిని ఇటుక ముక్కతో, బంకమట్టితో గట్టిగా మూయుడు. ఆ తేదీని మరుగుదొడ్డి గోడ లోపలివైపున రంగుతో వ్రాసియుంచుడు. జ్ఞాపకమును నమ్ముకొనరాదు; మూడేండ్లు పొడుగైన కాలము.

ఇక వాసన సంగతి. వంకగొట్టములో ఎల్లప్పుడు అంగుళమునకు కొంచెము తక్కువగా నీరు నిలిచియుండును. ఆ నీరే గుంతకును గదికిని మధ్య మూత. కొన్నివారములు ఊరికి పోయినప్పుడు అది ఎండిపోవచ్చును. చెంబెడు నీరు పోసిన సరిపోవును. నీరు పోసినను నిలువకున్న యెడల గొట్టము పగిలినదనియో, వాలు తప్పి బిగించిరనియో గ్రహించి మార్పించవలెను. వాసన గదిలో గాక బయట వచ్చుచున్నచో ఛాంబరు మూతలోని పగుళ్లను వెదకుడు. ఆ సందులలో దోమలు కూడ పెరుగును. వాసనకు విరుగుడుగా ఫినాయిలు, ఆసిడ్ కుమ్మరించువారున్నారు. మలమును చివికించు సూక్ష్మజీవులు వానివలన చచ్చును. బేసినును కొద్దిపాటి సబ్బుపొడితో, పొడుగు బ్రష్షుతో తోమిన చాలును.

నీరు పోకున్నచో ఇనుప కమ్మితో పొడుచుట మనవారి అలవాటు. దానివలన వంకగొట్టమే పగులును. ఛాంబరు మూత తీసి, వంగెడు వెదురు బద్దను అటునుండి పోనిచ్చి అడ్డమును కదలించవలెను. గుడ్డపేలికలు, ప్లాస్టిక్ సంచులు, నెలసరి గుడ్డలు, కోడి ఈకలు అందులో వేయరాదని ఇంటిలోని పిల్లలకు కూడ చెప్పవలెను. ఛాంబరులోనే నీరు నిలిచియున్న యెడల లోపము బేసినులో లేదు, గుంతలో నున్నది.

గుంత ఏడాదిలోపలనే నిండెననిన, అది మలముతో గాక నీటితో నిండినదని తెలియవలెను. స్నానపు నీటిని అందులోనికి వదలినారేమో ముందు చూడుడు. ఆ నీటికి అరటి పాదో, కొబ్బరి పాదో ఉన్నది గదా! తరువాత గోడను పరీక్షింపుడు. మన ప్రాంతములలో సిమెంటు వరలు దించుట వాడుక. రంధ్రములు లేని వరలను దించి, అతుకులను కూడ సిమెంటుతో పూసినచో అది తొట్టియే అగును గాని ఇంకుడు గుంత కాదు. నల్లరేగడి నేలలో మరియొక చిక్కున్నది. తడిసిన రేగడి ఉబ్బి నీటిని పోనీయదు. అట్టిచోట గోడకు వెలుపల చుట్టును ఒక అడుగు మందమున ఇసుక, కంకర లేక ఇటుక ముక్కలు నింపవలెను.

లోతు ఎక్కువైనకొలది మేలని కొందరు 10, 15 అడుగులు త్రవ్వింతురు. ఇది పెద్ద పొరపాటు. నేలపొరలలో వడగట్టబడవలసిన మురుగు తిన్నగా భూగర్భజలములో కలియును. అదే నీరు బావిలోనికి, బోరులోనికి వచ్చును. వర్షకాలపు నీటిమట్టమునకు గుంత అడుగు కనీసము 6, 7 అడుగులు ఎగువన ఉండుట క్షేమము. బావికిని గుంతకును 10 మీటర్లకు తక్కువ గాని ఎడము ఉండవలెను. డెల్టా గ్రామములలో నీరు పైపైననే ఉండును గనుక గుంతను నేలమట్టముకంటె ఎత్తుగా కట్టి, చుట్టును మట్టికట్ట పోయవలెను. రెండు గుంతల నడుమ గుంత లోతంత ఎడమైనను లేకున్న, వాడుకలోని గుంత నీరు విశ్రాంతిగా నున్నదానిలోనికి ఊరును.

మూసిన గుంతను ఏడాదిన్నర, వీలైన రెండేండ్ల వరకు ముట్టరాదు. ఏలికపాముల గ్రుడ్లు మొండివి. తక్కిన రోగక్రిములు చచ్చిన తరువాతను చాలకాలము బ్రతికియుండును. వేసవిలో మూత తీసి, ఒక పూట గాలి తగులనిచ్చి, పారతో పైనుండియే తీయవలెను. లోపలిది నల్లగా, పొడిగా, వాసన లేక పొడిపొడిగా రాలవలెను. తడిగా నున్నచో, వాసన కొట్టుచున్నచో వెంటనే మూసి మరి ఆరు మాసములు ఆగుడు. ఏ గుంత ఎన్నడు మూసిరో తెలియనిచో దానిని పచ్చిదానిగనే ఎంచవలెను. 2017 ఫిబ్రవరిలో వరంగల్లు ప్రాంతపు గంగదేవిపల్లిలో, కేంద్ర ప్రభుత్వపు తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయముగా గుంతలో దిగి చివికిన ఎరువును తీసి చూపెను. దానిని తాకుటకు కులము అడ్డురాదని చూపిన పని అది. అయినను తీయునప్పుడు చేతి తొడుగులు, చెప్పులు ధరించి, పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

ఈ ఎరువును గురించి అతిశయోక్తి చెప్పుట మాకిష్టము లేదు. మనిషి విసర్జించు నత్రజనిలో అధికభాగము మూత్రములో నుండును. అది నీటితోపాటు మట్టిలోనికి ఇంకిపోవును. గుంతలో మిగులునది ముఖ్యముగా సేంద్రియ పదార్థమును, కొంత భాస్వరమును. ఐదుగురున్న ఇంటినుండి మూడేండ్లకు ఒక బండెడు ఎరువు కూడ రాకపోవచ్చును. దీనితో యూరియా మాన్పింతుమనుట కల్ల. దానిని ఎకరములపై చల్లుటకంటె జామ, నిమ్మ, కొబ్బరి, మునగ పాదులలో వేసి మట్టి కప్పుట మేలు. క్రొత్తగా మొక్కలు నాటు గోతులలో పశువుల ఎరువుతో కలిపి వేయవచ్చును. కొత్తిమీర, ముల్లంగి, ఉల్లి వంటి పచ్చిగా తిను పంటల మడులకు మాత్రము వేయరాదు.

ఖాళీ అయిన గుంతకు అప్పుడే మరల మలము మళ్లించరాదు. గోడ సందులలోని మట్టిని గీకి, వర పగుళ్లను చూచి, మూత బిగించి ఉంచుడు. వాడుకలోని గుంత నిండిననాడు ఛాంబరులోని ఇటుకను ప్రక్క దారికి మార్చి, గోడపై తేదీని తిరుగ వ్రాసికొనవలెను.